కంచె అవతల పాతిన మనిషి

మా బివొలిత్సా గ్రామంలో ఒక మనిషిని శ్మశానం కంచెకు అవతల, చచ్చిన పశువులను పారవేసే వాలులో పాతిపెట్టారు. మా వైపు ఆచారం ప్రకారం ఏడేళ్ళు నిండిన తరువాత ఎముకలను పైకి తీసి, ద్రాక్షసారాతో కడిగి, కుటుంబానికి చెందిన చోట తిరిగి ఉంచాలి. అంతవరకు చనిపోయినవాడికి విశ్రాంతి లేదని మా నమ్మకం. ఈ శరత్తుకు ఏడేళ్ళు నిండాయి. ఆ ఎముకలను లోపలికి రానివ్వబోమని గ్రామసభ తీర్మానించింది. అతడు చేసిన నేరం గాయపడినవాణ్ణి తన బండి మీద ఎక్కించుకోవడం.

అతడి పేరు రాంగెల్ కుష్లెవ్. దున్నపోతుల బండి తోలేవాడు. అతణ్ణి మహాత్ముడిగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. నోరు మంచిది కాదు. పండుగ రోజున తాగితే పక్కింటివాడి కంచె విరిచేవాడు. తన దున్నల్లో పెద్దదానికి, తుర్కు అధికారుల బిరుదైన పాషా అని పేరు పెట్టుకున్నాడు. అప్పటికి కొండకు ఇటువైపు మన బల్గేరియాకు స్వాతంత్ర్యం వచ్చింది గాని, అటువైపు మాసిడోనియా ఇంకా తుర్కుల ఏలుబడిలోనే ఉండేది. "అవతల మా మేనమామలు పాషా ముందు నేలకు వంగి నిలబడుతున్నారు. ఇవతల నా ముందు పాషాయే వంగుతున్నాడు" అని దాని వీపు చరిచి నవ్వేవాడు.

పందొమ్మిది వందల పన్నెండో సంవత్సరపు శరత్తులో నాలుగు క్రైస్తవ రాజ్యాలు, అంటే మనమూ, సెర్బులూ, గ్రీకులూ, మాంటెనెగ్రో వారూ, ఒక్కటై తుర్కు సామ్రాజ్యం మీదికి నడిచాయి. రాంగెల్ బండినీ దున్నలనూ సైన్యం తీసుకుంది. వాటితోపాటు అతడినీ తీసుకుంది. ఆ రవాణా దళంలో నేను సార్జంటును. నేను చూసినదీ, నా పెట్టెలో ఉన్న న్యాయవిచారణ అచ్చుకాగితాల్లోదీ తప్ప ఇక్కడ రాయడం లేదు.

తుర్కుల ఒద్రిన్ కోట ముట్టడి చలికాలమంతా సాగింది. మన తేలిక ఫిరంగులకు ఆ గోడలు లొంగలేదు. సెర్బులు తమ పెద్ద ఫిరంగులను రైలెక్కించి పంపారు. స్టేషను నుంచి గుట్టల దాకా మోకాటిలోతు బురద, గుర్రాలు కూలబడ్డాయి. అప్పుడు దున్నలను పిలిపించారు. మొదటి ఫిరంగి వెంట వచ్చిన సెర్బు పేరు జివాదిన్. ఇంటి దగ్గర పీపాలు చేసే వృత్తి. మాటలో మా రాంగెల్‌కు ఏమాత్రం తీసిపోడు.

"ఏమయ్యా బల్గేరియా, నీ దున్నలు నిద్రపోతున్నాయా, ప్రార్థన చేసుకుంటున్నాయా?"

"నీ ఫిరంగి బరువు చూసి ఏడుస్తున్నాయి. మీ దేశంలో చిన్నవి చేయడం చేతకాదా?"

"చిన్నవన్నీ మీకే ఇచ్చేశాం కదా! అందుకే ఇన్నాళ్ళూ గోడకి గీత కూడా పడలేదు."

"నోరు మూసుకుని చక్రం పట్టు. నీ నోటికున్న బలం చేతుల్లోనూ ఉందేమో చూద్దాం."

దున్నకు చలి పడదని మీకు తెలుసు. అది ఎండుమంచుకు ఆగుతుంది గాని, మంచుతో కలిసి కురిసే వానకు ఆగలేదు. అలాంటి వాన పట్టిన ఒక సాయంత్రం వీపున కప్పిన మేకవెంట్రుకల దుప్పటి నానిపోయి పాషా కాళ్ళు ముడుచుకుని కూలబడింది. రాంగెల్ దాని మెడ పట్టుకుని బూతులు తిడుతూ ఏడ్చాడు. జివాదిన్ తన సైనిక కోటు విప్పి దాని వీపున కప్పాడు. ఒక్క చొక్కాతో నిలబడి పందికొవ్వుతో దాని డొక్కలు రుద్దాడు. పాషా లేచింది. తరువాత రెండు వారాలు జివాదిన్ దగ్గుతూనే ఉన్నాడు.

వసంతంలో కోట పడింది. ఆ వారంలోనే వాళ్ళిద్దరూ ప్రమాణసోదరులయ్యారు. ఆ ప్రమాణం చేయించినది అప్పటి మా రెజిమెంటు పూజారి ఫాదర్ హరలాంపి. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయన రొట్టె విరిచి ఉప్పు అద్దాడు. ఒకడి నోటికి ఇంకొకడు తినిపించాడు. ఇద్దరూ శిలువను ముద్దాడారు. "ఇవాళ్టి నుంచి ఒకడి గాయం ఇద్దరిదీ. నీ సోదరుణ్ణి ఎరగనని నువ్వెప్పుడైనా అన్నావో, ఈ రొట్టె నీ గొంతులో రాయై కూర్చుంటుంది" అని ఫాదర్ గంభీరంగా పలికాడు. అధికారులు చప్పట్లు కొట్టారు. ఆనాడు సెర్బును కౌగిలించుకోవడం దేశభక్తి.

వేసవి వచ్చేసరికి అదే పని ద్రోహమైంది. తుర్కుల నుంచి విడిపించిన మాసిడోనియాను ఎవరెంత మింగాలన్న చోట రాజులకు పొత్తు కుదరలేదు. ఒక రాత్రి మన సైన్యమే నిన్నటి మిత్రుల మీద పడింది. ఆ ఆజ్ఞ ఇచ్చిన పెద్దమనుషులెవరినీ ఏ శ్మశానం కంచె అవతలా పాతలేదు.

బ్రెగాల్నిత్సా నది దగ్గర పోరు జరుగుతున్నప్పుడు రాంగెల్ ముందుకు గుండ్లు చేరవేసి, వెనక్కు గాయపడినవారిని తెస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. బండి మీద మనవాళ్ళు ఇద్దరున్నారు. ఎండ దెబ్బ తగిలిన దున్న నీళ్ళు కనబడితే ఎవరి మాటా వినదు. బండితో సహా దిగిపోతుంది. పాషా రెండోదాన్ని ఈడ్చుకుంటూ నదిపక్క మడుగులోకి దిగి పడుకుంది. దున్నలు చల్లబడేదాకా తోలేవాడు ఆగవలసిందే. రాంగెల్ గట్టున కూర్చోబోయి జమ్ములో మూలుగు విన్నాడు. తొడ నలిగిపోయిన జివాదిన్ అక్కడ పడి ఉన్నాడు.

"నువ్వా!" అన్నాడు జివాదిన్. "తొందరగా కానీ. కాల్చడానికే వచ్చుంటే ముందు కొంచెం నీళ్ళు పొయ్యి."

"నోరు మూసుకుని నా మెడ పట్టుకో. పీపాలు చేసేవాడివి, పీపాలాగే బరువున్నావు."

బండి మీది గాయపడినవాడొకడు అరిచాడు: "రాంగెల్, వాడు సెర్బు!"

"నాకూ కళ్ళున్నాయి. చోటు చాలకపోతే నువ్వు దిగి నడువు."

ఆసుపత్రి గుడారం దగ్గర రాంగెల్‌ను నిర్బంధించారు. జివాదిన్ మర్నాడే పోయాడు. సెర్బుల పక్షాన ఒక్క తూటా కూడా ఇక పేల్చలేని ఆ మనిషికి తోడ్పడినందుకు, శత్రువుకు సాయం చేశాడన్న అభియోగంతో సైనిక న్యాయస్థానం కూర్చుంది. రాంగెల్ తరఫున నియమితుడైన యువ లెఫ్టినెంటు దయగలవాడే. నేను సాక్షిగా పక్కనే నిలబడి ఉండగా అతడి చెవిలో అన్నాడు:

"చూడు రాంగెల్ మామా, ముఖమంతా రక్తం, బురద. మనవాడే అనుకున్నానని చెప్పు. గుర్తుపట్టలేదని ఒక్క మాట అను. సాయంత్రానికల్లా నీ బండి నీకిప్పిస్తా."

"గుర్తుపట్టలేదనా?"

"అంతే. ఎరగనని అంటే చాలు."

"నా చేత్తో రొట్టె తినిపించినవాణ్ణి ఎరగనంటే, ఆ తరవాత నేనేం తిని బతకాలి, దొరా?"

న్యాయమూర్తి అడిగినప్పుడు రాంగెల్ గట్టిగా చెప్పాడు: "ఎరుగుదును. నా సోదరుడు." ద్రోహి అన్న ముద్ర వేసి జైలుకు పంపారు. ఆ మీదట వచ్చిన మహాయుద్ధం కూడా ముగిశాక క్షమాభిక్షతో వదిలారు. పళ్ళు రాలిపోయి, నడుము వంగి ఊరికి వచ్చాడు. ఎవరూ అతణ్ణి కూలికి పిలవలేదు. సారాకొట్లో అతడు కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. భార్య కరమ్‌ఫిలా మాత్రం, పెళ్ళయిన రెండేళ్ళకే భర్తకు దూరమై జవ్వనమంతా ఎదురుచూపులో గడిపిన మనిషి, అతడి పక్కన కూర్చుంది. రాంగెల్ చనిపోయినప్పుడు ఫాదర్ హరలాంపి కంచె అవతలే, ఎవరికీ వినబడనంత మెల్లగా ప్రార్థన చదివాడు. ఇప్పుడాయన మన ఊరి చర్చికి పెద్ద. శ్మశానం తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతుంది.

మొన్న ఆదివారం చర్చి ఆవరణలో సభ జరిగింది. మేయరు తానాస్ గర్వాలోవ్, యుద్ధకాలమంతా సైన్యానికి ఎండుగడ్డి అమ్మి మేడ కట్టుకున్న కుటుంబంవాడు, చాలా తియ్యగా మొదలుపెట్టాడు.

"కరమ్‌ఫిలా పిన్నీ, మాకేం పగ లేదు. నువ్వు అందరి ముందూ ఒక్క మాట అను. నా మొగుడు ఆ సెర్బును పోల్చుకోలేదు, తెలియక ఎక్కించుకున్నాడు, అని. రేపే గేటు తీయిస్తా."

ఆమె వైద్యుడు మంచం దిగవద్దన్నా కర్ర పట్టుకుని వచ్చింది. ఈ చలికాలం దాటడం కష్టమని ఆమెకూ తెలుసు. చనిపోయాక భర్త పక్కన ఉండాలన్నది తప్ప ఆమెకు వేరే కోరిక లేదు.

"తానాస్ బాబూ, ఆ మాట ఆయనే అనుంటే ఆ వేసవిలోనే ఇంటికొచ్చేవాడు. నా ఒళ్ళో పిల్లలు ఆడేవాళ్ళు. నా కోసం, పుట్టని నా పిల్లల కోసం ఆయన అనని మాట, ఎముకల కోసం నేనంటానా?"

సభలో ఎవరో దగ్గారు. ఆమె పూజారివైపు తిరిగింది.

"ఫాదర్‌గారూ, రొట్టె విరిచింది మీరే కదా. మీరైనా చెప్పండి."

"అది యుద్ధకాలం తల్లీ" అన్నాడాయన నేలచూపుతో.

"అప్పుడు తుర్కుల ఫిరంగుల ముందు నిలబడి చెప్పారే! ఇప్పుడు గడ్డి వ్యాపారి ముందు నోరు రావట్లేదా?"

నవ్వినవాళ్ళను తానాస్ ఉరిమి చూశాడు. "సరే. అయితే నువ్వు లోపల, అతను బయట. నీ ఇష్టం" అని సభ ముగించాడు. ఆమెను నేనూ, పక్కింటావిడా చెరో రెక్కా పట్టుకుని ఇంటికి చేర్చాం.

తానాస్ గర్వాలోవ్ గారూ, ఒక చావుబతుకుల మనిషి దగ్గర అబద్ధం కొనజూశారు. సైనిక న్యాయస్థానం జైలు చూపించి కూడా కొనలేకపోయిన అబద్ధం అది. అడిగిన ఆవరణలోనే, అదే జనం ఎదుట, ఆ మాటను వెనక్కు తీసుకోండి. ఫాదర్ హరలాంపి గారూ, ఆ ప్రమాణం తప్పైతే మొదటి శిక్ష చేయించిన మీకే పడాలి. తప్పు కాకపోతే వచ్చే పెద్దల శనివారం, పోయినవారిని తలుచుకునే నాడు, తాళం తీసి, ఆ ఎముకలను మీ చేతులతోనే కడిగి, లోపలికి మోసుకురండి. కరమ్‌ఫిలా కళ్ళు తెరిచి ఉండగానే చేయండి.