రాకాసి కలువ వేరు

నాకు ఈత రాదు. పటమటలో కారెక్కేటప్పుడే ఆ సంగతి చెబితే, బోటనీ మేడం నీళ్ళకు భయపడుతోందని కాలేజీ అంతా నవ్వుకునేది. అందుకే నోరు మూసుకున్నాను.

కైకలూరు దాటాక ఒక పాడుబడ్డ చేపల చెరువు. ఎవరి తోటలోంచి వచ్చి పడిందో గానీ, రాకాసి కలువ నీళ్ళు కనిపించకుండా కమ్మేసింది. ఒక్కో ఆకు మా ఇంట్లో భోజనాల బల్లంత. అడుగున అంతా ముళ్ళే. నమూనా తేవడానికి నేనూ, ఒకప్పుడు నా దగ్గరే చదువుకుని ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో చేరిన మాస్టారూ వెళ్ళాం.

మేమెక్కింది తాటి దోనె, అంటే తొలిచిన తాటిమాను. అడుగున కదలకుండా కూర్చోవాలి. ముందు దోనెలో ఉన్న పెద్దాయన మా దోనెను తాడుతో లాక్కెళ్తూ ఒక్కటే చెప్పాడు.

"ఏం జరిగినా నుంచోమాకండమ్మా. ఏ కాడా లాగమాకండి."

వేరు లేనిది నమూనాయే కాదని ఇన్నేళ్ళుగా పిల్లలు ఎండు మొక్కలు అంటించి తెచ్చిన షీట్లు వెనక్కి విసిరికొట్టినదాన్ని. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒక పిల్ల మొక్క కనబడగానే రెండు చేతులా పట్టి లాగాను. ముళ్ళు అరచేతుల్లో దిగినా వదల్లేదు. సాయం చేద్దామని మాస్టారు నా వైపు వంగారు. మొక్క ఊడింది, దోనె ఒరిగింది, ఆయన లేరు.

అరుపు కూడా వినబడలేదు. ఆయన పడ్డచోట రెండు ఆకులు మళ్ళీ కలిసిపోయాయి. ఒక ఆకు కిందినుంచి ఉబ్బి తగ్గింది. దాని పక్కది ఉబ్బింది. అది ఆయన తల. అంత భయం నేను జన్మలో ఎరగను.

పెద్దాయన వెనక్కి తిరిగి, కొడవలితో ఆకు చీల్చి, జుట్టు పట్టుకుని పైకి లాగాడు. మాస్టారు దగ్గుతూ నీళ్ళు కక్కారు.

"మీ చేతికందే దూరమే కదమ్మా, చెయ్యివ్వలేదేం?" అన్నాడు పెద్దాయన.

నా రెండు చేతులూ మొక్కను గుండెలకు హత్తుకుని ఉన్నాయి.

మాస్టారు నుదుటి మీది రక్తం తుడుచుకుంటూ దానివైపు చూశారు.

"వేరు పూర్తిగా వచ్చిందా మేడం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. వచ్చిందన్నాను. ఆయన నేను తయారుచేసిన మనిషే. పడింది నేనైతే ఆయన చేతుల్లోనూ మొక్కే ఉండేది.