ఆ రోజు బడికి రావద్దనిపించుకున్న పిల్ల

చదువు అందని పిల్లలతో, కోపం పట్టలేని పిల్లలతో కూర్చుని మాట్లాడడం నా ఉద్యోగం. ఇల్లు సూర్యాపేటలో. అటు కోదాడ నుంచి ఇటు మిర్యాలగూడ దాకా బడులన్నీ తిరుగుతుంటాను.

మొన్న వానాకాలం కోదాడ దారిలో ఒక ఊరి బడికి మూడో తరగతి పాప కోసమే వెళ్లాను. నోటితో ఏ లెక్కయినా ఇట్టే చెబుతుంది. అక్షరాలు చూస్తే బిగుసుకుపోతుంది. పక్కవాళ్లు నవ్వితే కొరుకుతుంది. ఇంకోసారి కొరికితే టీసీ ఇచ్చి పంపిస్తానని హెడ్మాస్టరు తల్లితో అనేశాడట. పాపను ఒక్కసారి చూసి పొమ్మని క్లాసు టీచరమ్మ నాకు ఫోన్ చేసి బతిమాలింది.

గదిలోకి వెళ్లేసరికి ముందు వరుసంతా ఫస్టు ర్యాంకులే! తలనిండా నూనె, రిబ్బన్లు, చేతుల్లో బంతిపూలు. ఎవరు చూడటానికొచ్చినా మా వైపు బడుల్లో ఇదే పద్ధతి. చదివేవాళ్లు ముందు, చదవనివాళ్లు ఇంటిదగ్గర. నేను వచ్చిందే ఆ చదవనివాళ్ల కోసం కదా!

"ఆ పాప ఏది సార్?" అన్నాను.

"ఇయ్యాల రావొద్దని చెప్పినం మేడం. మీ ముందల ఎవరినన్న కొరికితే బడి ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు హెడ్మాస్టరు.

నాకు ఒళ్లు మండిపోయింది. "జ్వరమొచ్చినవాళ్లను ఇంట్లో పెట్టి, బాగున్నవాళ్లను దవాఖానకు పంపుతారా సార్?" అని అడిగేశాను. ఆయన నవ్వి చాయ్ తెప్పించాడు. నేను ముట్టలేదు.

టీచరమ్మ దారి చెబితే ఇంటికి నడిచాను. తల్లి వరినాటుకు వెళ్లింది. పాప యూనిఫాం వేసుకుని అరుగు మీద ఒంటరిగా కూర్చుంది.

"బడికి పోలేదా బిడ్డా?"

"ఇయ్యాల పెద్ద మేడం వస్తదంట. నన్ను సూస్తే ఆమెకు కోపమొస్తదంట."

వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ మేడం నేనే" అన్నాను.

భయంగా నా ముఖంలోకి చూసింది. "కోపమొచ్చిందా?"

"వచ్చింది. నీ మీద కాదు."

చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చాను. నాకంటే తనే గట్టిగా పట్టుకుంది. దారంతా కాకులను లెక్కపెడుతూనే ఉంది. టీసీ మాట మళ్లీ ఎత్తితే ఊరుకోనని హెడ్మాస్టరుకు అందరి ముందే చెప్పాను. ఆయన సరేనని తల ఊపాడు. పాపను ముందు వరుసలో కూర్చోబెట్టి నా సంచి తెరిచాను.

తల ఎత్తి చూసేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరూ పొమ్మనకుండానే పాప వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది.