తిరిగి వచ్చే తోవ చెప్పిన రాజలింగం సారు

గత గురువారం ఉదయం నేను వృక్షశాస్త్రం పాఠం చెబుతుండగా మా కళాశాల అటెండరు మొగులప్ప తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడిపోయాడు. ఏమిటని అడిగాను.

"మేడం, లింగం సారు పోయిండు. దవాఖానలనే, పొద్దుగాల్ల," అన్నాడు.

ఆదివారమే చూసి వచ్చాను. ఆయాసం కొంత తగ్గిందనీ, రెండు ముద్దలు తిన్నాడనీ ఆయన భార్య శాంతమ్మగారు చెప్పారు. ఆ ధైర్యంతో ఇల్లు చేరినదాన్ని. మొగులప్ప మాట చెవిన పడ్డాక, పాఠం ఎక్కడ ఆపానో, పిల్లలకు ఏమి చెప్పి బయటికి వచ్చానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

వారి ఇంటికి వెళ్ళేసరికి దేహాన్ని వరండాలో పడుకోబెట్టారు. ఇది ప్రవేశాల కాలం. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఆ వరండా పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులతో, పిల్లలతో నిండి ఉండేది. ఆ రోజూ వచ్చారు, సంగతి తెలియక. సర్టిఫికెట్ల సంచీ చంకలో పెట్టుకుని, కూతురితో వచ్చిన ఒక రైతు గేటు దగ్గర నన్ను ఆపి, "సారు ఉన్నడా అమ్మా? ఔరాద్ నుంచొచ్చినం. మా పిల్లను ఏ కోర్సుల ఎయ్యాల్నో అడుగుదామని," అన్నాడు. వరండా వైపు చూపించాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. తండ్రీకూతుళ్ళు సాయంత్రం దహనం అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

శ్రీ రాజలింగం గారిది బీదరు జిల్లా ఖటక్ చించోళి. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు. హైదరాబాదులో గణితశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చేనాటికి రాజ్యం మారింది, కచేరీల భాష మారింది, కొన్నాళ్ళకు రాష్ట్రమే మారింది. బీదరు మైసూరు రాష్ట్రంలో చేరాక, అంతవరకూ హైదరాబాదు వైపు నడిచిన చదువుల దారి ధార్వాడ వైపు తిరిగింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బడిలో కన్నడం, పై చదువులో ఇంగ్లీషు. ఈ నాలుగింటి నడుమ మా ప్రాంతపు పిల్లలు దిక్కు తోచక తిరుగుతుంటే, వారిని విశ్వవిద్యాలయ విద్యకు సన్నద్ధులను చేయడం తన ధర్మమని ఆయన భావించారు. బీదరు కళాశాలలో లెక్కలు చెప్పే ఆయనకు ఎవరూ అప్పగించని పని అది. జీవితాంతం చేశారు. ఒక్క ఏడాది తప్ప. ఆ ఏడాది సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయన సన్నాహ తరగతులు చూసినవారు మరువలేరు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, బల్ల వెనక గుమాస్తాలా కూర్చునేవారు. పల్లెటూరి పిల్లవాడు దరఖాస్తు పట్టుకుని ఎదుట నిలబడాలి. ఆయన దాన్ని తిరగేసి, "సంతకం లేదు. నాళె బా," అని కన్నడంలో కసిరి విసిరేసేవారు. రేపు రమ్మన్నారు కదా అని పిల్లవాడు తల వంచుకుని వెనుదిరిగేవాడు. అప్పుడు కళ్ళజోడు తీసి, "ఎటు పోతున్నవ్‌రా? సంతకం ఏడ లేదో అడిగినవా? గుమాస్తా రేపు రా అంటడు, నువ్వు ఊరికి మర్రుతవు. రేపు తారీఖు దాటిపోతది. అడుగు, నోరు తెరిచి అడుగు!" అనేవారు. ఆ పిల్లవాడు అడిగేదాకా వదిలేవారు కారు.

కొడుకును డాక్టరు చేయాల్సిందేనని పట్టుబట్టిన ఒక కిరాణా వ్యాపారిని, "కప్పను కోసేది నువ్వా, నీ కొడుకా? వాడు నెత్తురు చూస్తే కండ్లు మూస్కుంటుండు, నేను చూసిన," అని నవ్వుతూనే ఒప్పించి, ఆ కుర్రవాణ్ణి వాణిజ్యశాస్త్రంలో చేర్పించారు. "సీటు దొరుకుడు చదువు గాదు, సీటు దొరికినంక చదువు షురూ అయితది," అన్నది ఆయన నిత్యం చెప్పే మాట.

ఇక మా అన్న మల్లేశం సంగతి. మాది బీదరు దగ్గరి చిమ్కోడ్. మా ఊళ్ళో పి.యు.సి. మొదటి తరగతిలో పాసైన తొలి విద్యార్థి మా అన్నే. ఆ రోజుల్లో బీదరులో సైన్సు అంతవరకే ఉండేది. ఆపైన చదవాలంటే ధార్వాడ పోవాలి. మా నాయిన సాయన్న ససేమిరా అన్నాడు. రాజలింగం సారు స్వయంగా మా ఊరు వచ్చి, కంది చేను గట్టు మీద నాయిన పక్కన కూర్చున్నారు.

"సాయన్నా, అసొంటి బుర్ర మళ్ళ దొరకదు. పంపియ్యి."

"అంత దూరం ఎట్ల పంపాలె సారూ? ఆడ మనోడు ఎవడున్నడు?"

"నేనున్న. పోరడు నా జిమ్మా."

జిమ్మా అంటే మా వైపు పూచీ. ఆ ఒక్క మాట మీద మా నాయిన అన్నను పంపించాడు.

ధార్వాడలో అన్నకు ఏమి ఎదురైందో మాకు పూర్తిగా ఎన్నడూ తెలియలేదు. ఇంగ్లీషు పాఠాలు అందలేదనీ, మా సరిహద్దు కన్నడ యాసకు హాస్టల్లో నవ్వేవారనీ, మొదటి పరీక్షల్లో తప్పాడనీ, ఆ తరువాత తరగతులకు వెళ్ళడమే మానేశాడనీ అంతా అయిపోయాక విన్నాం. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు సారును కలవడానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను.

"ఎట్లుందిరా మల్లేశం?" అని అడిగారు సారు.

"మంచిగనే ఉంది సార్," అన్నాడు అన్న.

సారు భుజం తట్టి, అక్కడ ఉన్న మిగతా పిల్లలతో, "చూడుండ్రి, ఈయనను చూసి నేర్చుకోండ్రి," అన్నారు. అన్న నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. సెలవులు అయిపోయాక వెళ్ళాడు. సంక్రమణం రాకముందే సారు కళాశాలకు ధార్వాడ నుంచి తంతి వచ్చింది. మా అన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు.

నాయినను వెంటబెట్టుకుని సారే వెళ్ళారు. అంత దూరం దేహాన్ని తేలేక అక్కడే దహనం చేసి, అస్థికలతో తిరిగి వచ్చారు. పదో రోజున సారు మా ఇంటికి వచ్చి వాకిట్లో మట్టి మీద కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు. చివరికి నాయిన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నా జిమ్మా అంటివి గద సారూ. ఏడున్నడు నా కొడుకు?"

సారు తల ఎత్తలేదు. "పోయే తొవ్వ చెప్పిన సాయన్నా. వాపసొచ్చే తొవ్వ చెప్పలే," అన్నారు. అమ్మ లోటాతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన తాగలేదు.

ఆ వేసవిలో సారు వరండా తలుపు తెరుచుకోలేదు. పల్లెల నుంచి వచ్చినవారిని శాంతమ్మగారు కన్నీళ్ళతో తిప్పి పంపేవారు. కళాశాలలో పాఠం చెప్పడం, ఇంటికి పోవడం, అంతే. ఆ వ్యాకులతలోనే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు.

మరుసటి ఏడు నేను పి.యు.సి. పాసయ్యాను. ఇంకా చదువుతానని ఇంట్లో అన్నాను గానీ, పంపరనే అనుకున్నాను. ఒక ఉదయం నాయిన, "బట్టలు మార్చుకో, బీదరు పోవాలె," అన్నాడు. నేరుగా సారు ఇంటికి తీసుకువెళ్ళాడు. అమ్మ ఏడ్చి అడ్డుపడినా ఆగలేదు. మమ్మల్ని చూసి సారు లేచి నిలబడ్డారు.

"ఇదిగూడ చదువుతనంటాంది. తొవ్వ చెప్పు సారూ," అన్నాడు నాయిన.

"నాతోని కాదు సాయన్నా. ఇంకెవ్వలనన్న అడుగు."

"ఇంకెవ్వలకేం ఎరుక? గుంత ఏడున్నదో పడ్డోనికే ఎరుక. నువ్వు పడ్డవు, నేను పడ్డ. ఈసారి జిమ్మా అనకు. వాపసొచ్చే తొవ్వ గూడ చెప్పి తోలియ్యి."

సారు ఆ వరండా మెట్ల మీదే కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. నాయిన పక్కన కూర్చున్నాడు, చేయి మాత్రం వేయలేదు. క్షమించాడని నేను చెప్పలేను. అది క్షమ కాదు. ఇద్దరు దుఃఖితులు ఒక పనికి ఒప్పుకోవడం అది.

ఆనాటి నుంచి సారు బోధన మారింది. నన్ను ఎదుట కూర్చోబెట్టి మొదట అడిగిన ప్రశ్న ఏ కోర్సు కావాలని కాదు. "పరీక్ష తప్పితే ఎవ్వలకు చెప్తవ్ బిడ్డా?" అని. "నాకు చెప్పు. అందరికంటె ముందు నాకు చెప్పు. నేను తిట్టను, నవ్వను. వచ్చి తోల్కపోత," అన్నారు. నాతో ధార్వాడ దాకా వచ్చి, హాస్టల్ వార్డెన్‌తో, మాస్టర్లతో మాట్లాడి, నాకు తోడుగా ఒక సీనియరు అమ్మాయిని చూపించి గానీ తిరుగు రైలు ఎక్కలేదు.

మొదటి పరీక్షలో నేనూ రసాయనశాస్త్రం తప్పాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సారుకు తంతి ఇచ్చాను. ఆయన ఆయాసపడుతూ వచ్చారు. హాస్టల్ ముందు చెట్టు కింద కూర్చుని, "చెప్పినవు గద, అయిపోయింది. ఇంటికి పోదామా, ఇక్కడ్నే ఉంటవా? రెండూ మంచియే," అన్నారు. రెండూ మంచివేనని నాతో అన్న మొదటి మనిషి ఆయనే. వారం రోజులు ఇంటికి వచ్చి, అమ్మ చేతి జొన్నరొట్టె తిని, మళ్ళీ వెళ్ళి చదువుకున్నాను.

తరువాతి కాలంలో ప్రతి బృందానికీ ఆయన ఆఖరి పాఠం ఇదే. తప్పడం గురించి, చెప్పుకోవడం గురించి, తిరిగి రావడం గురించి. కొందరు తండ్రులకు అది రుచించలేదు. "శుభమా అని చదువుకు పోతుంటే ఫెయిలు మాటలేంది సారూ?" అని ముఖం మీదే అన్నవారున్నారు. ఆయన నొచ్చుకునేవారు కారు. ఎవరికీ మా అన్న పేరు చెప్పేవారు కారు. జిమ్మా అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ ఎవరూ వినలేదు. చదువు ఆపి తిరిగి వచ్చిన పిల్లలు కొందరు ఈ రోజు బీదరులో దుకాణాలు నడుపుతున్నారు, వ్యవసాయం చేస్తున్నారు, బడిపంతుళ్ళయ్యారు. బతికి ఉన్నారు. సారు సాధించినదేమిటని ఎవరైనా అడిగితే నేను పట్టభద్రులను కాక, ముందుగా వీరినే చూపిస్తాను.

ఆదివారం ఆసుపత్రిలో మాట తెగిపోతూ ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఈ ఏడు ఎవ్వలన్న వాపసొచ్చిన్రా?" లేదన్నాను. "రాకుంటే నువ్వే ఆడికి పోయి పిల్లలను చూసి రా," అన్నారు.

సాయంత్రం పాడె ఎత్తే వేళకు చిమ్కోడ్ నుంచి మా నాయిన వచ్చాడు. వయసు మళ్ళింది, చూపు మందగించింది. సారుకు సంతానం లేదు. బంధువులు భుజం పట్టబోతుంటే నాయిన ముందుకు నడిచాడు. "ముసలోనివి, నీతోని కాదు తాతా," అన్నారెవరో. "జరుగుండ్రి," అని ఒక్క మాట అని పాడె కిందికి భుజం పెట్టాడు. శ్మశానం దాకా భుజం మార్చుకోలేదు.

సారు పనిని కొనసాగించాలని మేము, ఆయన శిష్యులం, నిశ్చయించుకున్నాం. చేస్తాం. దరఖాస్తులు పూరించడం నేర్పుతాం, కోర్సుల మంచిచెడ్డలు చెబుతాం. కానీ ఒక పిల్లవాడు "మంచిగనే ఉంది సార్" అన్నప్పుడు, అది అబద్ధమని వినగలిగే చెవి ఆయనకు మా అన్న మరణం ఇచ్చింది. ఆ చెవి మాకు లేదు. ఆ వెలకు అది మరెవరికీ దక్కకూడదు. అందుకే ఆయన వంటివారు మళ్ళీ పుట్టాలని నేను ప్రార్థించలేకపోతున్నాను. ఆయన లేని లోటు లోటుగానే ఉంటుంది. ఆ పుణ్యమూర్తికి, ఆయన మోసిన దుఃఖానికి, శిరసు వంచి నమస్కరిస్తున్నాను.