ముత్యాల మూల

కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని మా ఊళ్ళో మేయరు పేరు తెలియని పిల్లలు బోలెడుమంది ఉన్నారుగాని, ఒరెస్ట్ మెల్నిక్ పేరు తెలియని పిల్లాడు లేడు. ఐసు మీద ఆడే హాకీ మధ్యలో విరామం రాగానే, రింకు అనే ఆ మంచు మైదానంలోకి పెద్ద బండి తోలుకొచ్చి, గీతలు పడ్డ ఐసును చెక్కి, వేడినీళ్ళు పరిచి నున్నగా చేసేది అతనే. ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో బ్లేడును దించే చక్రం. ఆ చక్రం ఎక్కడ ఎంత తిప్పాలో కళ్ళు మూసుకున్నా అతనికి తెలిసేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని, తాతయ్యాక కూడా వదల్లేదు.

మార్చిలో చివరి ఆట అయిన వారానికి పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. మాట పోలేదు, నడక పోలేదు. "నోరు పడిపోయినా ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉండేది," అంది భార్య డార్కా, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఏడుస్తూనే.

రింకు బాధ్యత చూసే లెస్టర్ బొహోనిస్ ఒరెస్ట్‌కి చిన్ననాటి స్నేహితుడు. మొహమాటం లేకుండా ఉన్నమాట చెప్పేశాడు. "ఒరేయ్, నవంబరులో ఐసు వేస్తాం. అప్పటికి చక్రం తిప్పగలిగితే బండి నీదే. లేదంటే ఇంకొకణ్ణి పెట్టుకోక తప్పదు. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోకుండా ఎలా ఉంటానురా?" అన్నాడు ఒరెస్ట్. కానీ ఆ బండి లేకపోతే తను ఊళ్ళో ఎవరో అతనికే అర్థంకాలేదు.

చేతికి వ్యాయామం నేర్పే జోసెట్ అనే అమ్మాయి పట్నం నుంచి వచ్చి, ఒక ట్యాబ్లెట్టూ మణికట్టుకు కట్టుకునే పట్టీ ఇచ్చింది. తెర మీద చెట్టునుంచి యాపిల్ పళ్ళు రాలుతుంటాయి. కుడిచెయ్యి జరిపి, వేళ్ళు తెరిచి, బుట్టలో పట్టాలి. "ఇది మామూలు ఆట కాదండీ. ఇందులో కృత్రిమ మేధ ఉంది. మిమ్మల్ని చూసి నేర్చుకుని, మీకు తగ్గట్టు మారుతుంది," అని చెప్పింది. భుజంతో నెట్టొద్దని మరీమరీ హెచ్చరించింది.

వేసవంతా ఒరెస్ట్ ఆ పళ్ళు పట్టాడు. స్కోరు ఆకాశాన్నంటింది. డార్కా దాన్ని చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించేది. బంగాళాదుంప కూరిన పెరోగీలు చుట్టడానికి వచ్చిన చర్చి ఆడవాళ్ళు అది చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. చేతికి మాత్రం ఈ సంబరం సంగతి తెలియలేదు.

సెప్టెంబరులో ఒకరోజు అతను ఎవరికీ చెప్పకుండా రింకు షెడ్డుకి వెళ్ళి, బండెక్కి, చక్రం మీద చెయ్యి వేశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. చక్రం కదల్లేదు. ఇంత సాధన చేసి, ఇన్ని పాయింట్లు తెచ్చుకున్నా ఇంతేనంటే, ఈ చెయ్యి ఇక అయిపోయినట్టే అనుకున్నాడు. ఇంటికొచ్చి, "లెస్టర్‌ని ఇంకొకణ్ణి చూసుకోమంటాను," అన్నాడు.

"రేపు ఆ అమ్మాయి వస్తోందిగా. ముందు ఆమెకి చెప్పు. తర్వాత నీ ఇష్టం," అంది డార్కా.

మర్నాడు పొద్దున జోసెట్ కోసం ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక ఆట పెట్టుకున్నాడు. మధ్యలో డార్కా కాఫీ తెచ్చింది. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి, ఎడమచేత్తో కప్పు అందుకున్నాడు. తెర మీద పళ్ళు బుట్టలో పడుతూనే ఉన్నాయి. ఒరెస్ట్ కప్పు దించాడు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పక్కకి జరిపాడు. బుట్ట పక్కకి వెళ్ళింది. కాసేపటికి పళ్ళు కూడా దాని వెనకాలే వెళ్ళి, అక్కడే రాలసాగాయి.

అతనికి కుర్రతనం గుర్తొచ్చింది. అప్పట్లో రింకు వరండాలో నాణెం వేసి ఆడే ఆట పెట్టె ఉండేది. సముద్రంలోకి దూకి, అడుగున మునిగిన ఓడను చేరాలి. దారిలో ఒక బండ వెనక, సొరచేప దూరలేని మూల ఒరెస్ట్ కంటపడింది. అక్కడ ముత్యాలు ఏరినకొద్దీ మళ్ళీ మొలిచేవి. ఆ చలికాలమంతా అందరికన్నా పైన అతని పేరే వెలిగింది. "ఒరేయ్, ఓడ దగ్గరికి వెళ్ళరా!" అని లెస్టర్ మొత్తుకునేవాడు. "ఓడెవడికి కావాలిరా, పాయింట్లన్నీ ఇక్కడే ఉంటే?" అనేవాడు ఇతను. ఆ ఓడలో ఏముందో అతను చూడనేలేదు.

ఒరెస్ట్ పగలబడి నవ్వాడు. డార్కా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, మళ్ళీ వచ్చిందా? ఏదీ, నోరు తెరు! చేతులెత్తు!"

"ఏమీ రాలేదే. ఈ ట్యాబ్లెట్టులో ఉన్నవాడు అచ్చం నా బాపతే. వీడికీ ముత్యాల మూల దొరికింది!"

జోసెట్ వచ్చి చూసి తెల్లబోయింది. "రోగులు విసుగొచ్చి మధ్యలో లేచిపోతున్నారని, ఆడేవాళ్ళు లేవకుండా చూడటమే దీనికి లక్ష్యంగా పెట్టారండీ. ఆడితే చెయ్యి అదే బాగవుతుందనుకున్నాం."

"మీరు చెప్పిందే చేసింది, దాని తప్పేముంది? పళ్ళు తెచ్చి నా ఒళ్ళో పోసింది. నేను లేవలేదు. నేనూ తక్కువ తినలేదులే. నువ్వు వద్దన్నా భుజంతోనే నెట్టాను," అని, ఒరెస్ట్ తన కుడిచేతి వేళ్ళకేసి చూసుకున్నాడు. "అయితే అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఈ వేళ్ళు పని చేసినట్టా, చెయ్యనట్టా?"

"దాదాపు చెయ్యనట్టే."

"అంటే ఈ చెయ్యి పనికిరాదని తేలలేదన్నమాట!"

"తేలలేదండీ. అసలు మొదలే పెట్టలేదు. మాటివ్వలేనుగాని, సమయం దాటిపోలేదు."

"అమ్మయ్య!" అంటూ డార్కా కుర్చీలో కూలబడింది. ఒరెస్ట్‌కి ఛాతీ మీదనుంచి ఎవరో బస్తా దించినట్టయింది. వేసవంతా వృథా అయిందని తెలిసి అంత సంతోషించిన మనిషి ఊళ్ళో ఇంకెవరూ ఉండరు.

జోసెట్ పట్టుబట్టి ఆటను మార్పించింది. వేళ్ళు తెరుచుకుని మూసుకుంటేనే ఇప్పుడు పాయింటు. భుజాన్ని కుర్చీకి పట్టీతో కట్టేసింది. ముత్యాల మూల సంగతి విని నవ్విన లెస్టర్, షెడ్డులో పడున్న పాత చక్రం తెచ్చి, వంటింటి బల్లకి బిగించాడు. స్కోరు పాతాళానికి పడిపోయింది. డార్కా దాన్నీ ఫ్రిజ్ మీద అంటించింది. చర్చి ఆడవాళ్ళు జాలిపడితే, "తక్కువే. కానీ ఒక్కొక్కటీ మా ఆయన వేళ్ళతో సంపాదించింది," అని మూతి తిప్పింది.

నవంబరులో ఐసు వేశారు. ఒరెస్ట్ బండెక్కి చక్రం మీద చెయ్యి వేశాడు. వేళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా పట్టు బిగించాయి. చక్రం బద్ధకంగా తిరిగింది. కింద బ్లేడు ఐసును గీరిన చప్పుడు విని అతని కళ్ళు చెమర్చాయి. రింకు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఒరేయ్, ఆ మూల గీత వదిలేశావు!" అని అరిచాడు లెస్టర్.

"చూశానులేరా!"

"పోనీలే, మొత్తానికి ఓడ దాకా వచ్చావు. లోపలేముందిరా?"

"ఐసురా," అని, ఒరెస్ట్ బండిని మళ్ళీ ఆ మూలకే తిప్పాడు.