అసలా, నకలా?

అమలాపురంలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరికన్నా సీనియర్ ఒకావిడ. ఎవరు కోడ్ చూపించినా ముందు అడిగే మాట ఒకటే: "ఫంక్షన్‌కి అసలిస్తున్నారా, నకలిస్తున్నారా అండీ?" ఫంక్షన్ అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క; దాని చేతికి అసలిస్తే అసలునే మార్చేయగలదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒక ఆదివారం పొద్దున్న దిండి నుంచి హౌస్‌బోట్ల యజమాని ఫోన్ చేశాడు. "బోట్లన్నీ ఖాళీ అండీ! మీరు చేసిచ్చిన బుకింగ్ సైటేమో నిండిపోయాయంటోంది. జనం వెనక్కెళ్లిపోతున్నారు!"

ఆవిడ వేలు తెరమీద ఒక్కో వరుసా దిగుతోంది. నేను రాసిన వరుస మీద వేలు ఆగింది. ఖాళీలు చూసి చెప్పే ఫంక్షన్‌లో, సీట్ల జాబితా పేరు ముందు '&' గుర్తు. దాంతో నకలుకి బదులు అసలు జాబితాయే దాని చేతికి వెళ్లింది. నలుగురికి చోటుందా అని ఊరికే అడిగినా, అసలు జాబితాలోంచే నాలుగు సీట్లు తీసేస్తోంది.

"ఎవరండీ ఈ పని చేసింది?" ఫోన్‌లో అరుపు.

ఆవిడ గుర్తు చెరిపి ఫోన్ అందుకున్నారు. "ఆయ్, నేనేనండీ."

మర్నాడు నా కోడ్ చూస్తూ మళ్లీ అదే మాట అడిగారు. ఎవరం నవ్వలేదు.