చేతులు వెనక్కి కట్టుకుని దూకడం

మా ఇంట్లో మగవాళ్లు బావిలోకి దూకేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేవారు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తాత అలాగే దూకేవాడు, నాన్న అలాగే దూకేవాడు, నేనూ అదే నేర్చుకున్నాను. పాలేర్లు, వాళ్ల పిల్లలు ముక్కు మూసుకునో, మోకాళ్లు ముడుచుకునో దూకేవారు. మేము మాత్రం అరుగు మీద నిలబడి ఎవరికో పని చెబుతున్నట్టు నిటారుగా నీళ్లలోకి వెళ్లాలి. అప్పట్లో నేను వెదురుబద్దలా ఉండేవాణ్ని. నీళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవి. అది మా ఇంటి గొప్ప అనుకునేవాణ్ని.

ఆ బావి శంషాబాద్ దాటాక ఉంది. చుట్టూ ఉన్న పొలంలో కొంత విమానాశ్రయం కిందికి వెళ్లింది, కొంత నాన్న అమ్మాడు, మిగిలింది అన్నదమ్ముల తగవుల్లో పోయింది. బావి ఉన్న ముక్క ఇప్పుడు ఎవరిదో ఫామ్‌హౌస్. కొత్తగా ఈతకొలను కట్టకుండా బావినే శుభ్రం చేయించి, సెలవు రోజుల్లో టికెట్ మీద ఈతకు వదులుతున్నారు. నేను ఆ దగ్గర్లోనే కిరాయికి ఉంటూ, సరుకుల గోదాములో సూపర్‌వైజర్‌గా పనిచేస్తూ కూడా ఆ గేటు వైపు ఎప్పుడూ వెళ్లలేదు.

కిందటి ఎండాకాలం చెల్లెలు కందుకూరు నుంచి వచ్చి పట్టుబట్టింది. ఆడపిల్ల అని చెప్పి మా ఇంట్లో ఆమెను ఆ బావిలో దూకనివ్వలేదు. పెళ్లయ్యాక, పిల్లలతో పాటు ఈత నేర్చుకుంది.

"జర నాకోసం రా అన్నా. ఒక్కసారి దుంకి వచ్చేస్త. నువ్వు ఒడ్డుమీద కూసో."

బావి దగ్గర కాపలా ఉన్న ఈతగాడు నా ఈడువాడే. వాళ్ల నాన్న మా పొలంలో పనిచేశాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"దొరవారు వచ్చిన్రు. బావికి మంచి రోజులొచ్చినయ్."

"దొరతనం ఎప్పుడో పోయింది," అన్నాను.

"ఏడ పోతది? పొట్టల భద్రంగ ఉన్నది గద."

చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది. తర్వాత మోటబండ ఎక్కింది. ఎద్దులతో నీళ్లు తోడిన రోజుల్లో బావిలోకి చాచి పెట్టిన రాయి అది. అక్కడినుంచి నీళ్లు రెండంతస్తుల కింద ఉంటాయి. చేతులు తొడలకు అంటించి, కాళ్లు రెండూ కలిపి, పాదాలు కిందికి చాచి దూకింది. పెద్దగా చప్పుడు కూడా రాలేదు. తల పైకి తేల్చి, జుట్టు వెనక్కి నెట్టుకుంది.

"దా అన్నా. ఏం గాదు."

"దొరవారు మెట్లమీదికెళ్లి దిగుతరక్కా," అన్నాడు ఈతగాడు.

నేను చొక్కా విప్పి మోటబండ ఎక్కాను. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లాయి.

రాయి వదిలేటప్పుడే పొట్ట నన్ను ముందుకు వంచింది. నిటారుగా ఉండాలని ఛాతీని వెనక్కి విసిరాను. చేతులు విప్పలేదు. కాళ్లు ముందుకు లేచాయి. కుర్చీలో కూర్చున్నట్టే నీళ్ల మీద పడ్డాను.

నొప్పి వెంటనే రాలేదు. చెవుల్లో పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. పైకి తేలాక కాళ్లు ఆడిస్తున్నాననే అనుకున్నాను. అవి ఆడడం లేదు. ఈతగాడు దూకి వచ్చి, నా మెడ కింద చెయ్యి వేసి వెల్లకిలా తేలించాడు.

"పైకి గుంజకున్రి. పండవెట్టనీకి చెక్క పలక దెండి," అని పైవాళ్లకు చెప్పాడు. "అక్కా, కాళ్లు పట్టుకో. వంగనియ్యకు. దొరా, మీరు ఏమన్న మాట్లాడున్రి."

బావి గుండ్రంలో కనబడే ఆకాశంలోంచి ఒక విమానం చక్రాలు దించుకుని వెళ్లింది. దాన్ని చూస్తూ ఉన్నాను. చెల్లెలు నా కాళ్లు ఎప్పుడు పట్టుకుందో తెలియలేదు.

దవాఖానలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది.

"నడుము దగ్గర ఒక వెన్నుపూస నలిగిపోయిందండీ. అందులో ఒక ముక్క నరాలను నొక్కుతోంది. ఆపరేషన్ చేస్తాం. కాళ్లలో ఎంతవరకు చలనం వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

"నేను గూడ గాడికెళ్లే దుంకిన మేడం," అంది చెల్లెలు. "నాకేం గాలె."

"మీరు సన్నగా ఉన్నారు. పైగా పాదాలు ముందు వెళ్లాయి. అవి చేసిన దారిలోనే మిగతా ఒళ్లంతా దిగింది. నీళ్లు మిమ్మల్ని కొంచెం కొంచెంగా ఆపాయి. ఈయన కూర్చుని పడ్డారు. అంత వెడల్పున నీళ్లు ఒక్కసారిగా తప్పుకోలేవు కదండీ. పిరుదులు ఆగిపోయాయి. పైన ఛాతీ, భుజాలు, తల ఇంకా కిందికి వస్తూనే ఉన్నాయి. ఆ బరువంతా మధ్యలో ఉన్న ఎముక మీద పడింది."

"నేను కూసోని పడ్తే?"

"మీకూ దెబ్బ తగిలేదే. పైన ఇంత బరువు లేదు కాబట్టి తక్కువ తగిలేదేమో."

ఎవరి ఒంటి గురించో చెబుతున్నట్టు విన్నాను. తాత చిన్న మనిషి, ఎండుపుల్లలా ఉండేవాడు. ముసలితనంలో కూడా దూకాడు. నాన్న లావెక్కాక బావి వైపు వెళ్లడం మానేశాడు. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇదంతా గుర్తొచ్చినా కోపం రాలేదు, బాధ కూడా రాలేదు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. నడుము కింద దుప్పటి ఉందో లేదో నాకు తెలియడం లేదు.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లకు ఎడమ కాలు కదిలింది. కుడి మోకాలు కూడా కొద్దిగా లేచింది. నన్ను నిలబెట్టాలని ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది.

"ముందుకు వంగండి సార్. వంగితేనే లేవగలరు."

నేను నిటారుగా లేవబోయాను. మంచం వదల్లేకపోయాను. మళ్లీ ప్రయత్నించినా అంతే. చెల్లెలు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా భుజంమీద చెయ్యెయ్యి. నేనేం ఇరిగిపోను."

వేశాను. వంగి లేచాను. ఎడమ పాదం కింద గచ్చు చల్లగా తగిలింది.

"కుడిది తెలుస్తుందా అన్నా?"

"లేదు."

ఆమె నా కుడి పాదం వైపు చూసింది.

"అయితే చూసుకుంట నడువాలె," అంది.

కుడి పాదాన్ని చూస్తూ ముందుకు జరిపాను. అది నేలమీద ఆనిందని కంటితో తెలుసుకుని, రెండో కాలు ఎత్తాను.