అరుణమ్మ చేతి పప్పు

హైదరాబాద్ కొత్తపేటలో మా ఇంటి కింది వాటాలో అరుణమ్మ కర్రీ పాయింట్ నడిపేది. భర్త పోయాక కొడుకు జగన్‌ని చదివించుకోవడానికి దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలు సగం మంది ఆమె పప్పు తినే కోచింగులు పూర్తి చేశారు. నేను తెనాలి నుంచి వచ్చినదాన్ని, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, రాష్ట్రం సంగతి మాత్రం ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. మిగతా అన్నిటికీ నా సలహా అడిగేది. అడగకపోయినా నేను చెప్పేదాన్ని, అదే నా రోగం.

జగన్ డిగ్రీ అయ్యాక పీజీలో చేరాడు. ఊరేగింపులకు వెళ్లేవాడు. కొన్నాళ్లకు అన్నీ మానేసి గదిలో కూర్చున్నాడు. మఫ్టీలో పోలీసులు తన వెంట పడుతున్నారనేవాడు. మఫ్టీ పోలీసులు స్టూడెంట్ల మధ్య తిరుగుతున్నారని ఊరంతా చెప్పుకునే కాలం, అందుకే ఆరు నెలల దాకా ఎవరమూ అది జబ్బనుకోలేదు. పోలీసులు ఫ్యాన్‌లోంచి వింటున్నారని వాడు రెక్కలు ఊడదీసి కింద పెట్టిన రోజున మాకు అర్థమైంది.

ఇక డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. ఒకాయన తలెత్తి వాడి ముఖం చూడకుండానే చీటీ రాశాడు. ఇంకో కౌన్సెలరు పరీక్షల భయమని తేల్చి, పొద్దున్నే పరుగెత్తమన్నాడు. మూడో ఆయన దగ్గరికి జగన్ రానే రానన్నాడు. తల్లి ఒక్కతే వెళ్తే, ఆయన రంగూ రుచీ లేని చుక్కల మందు రాసిచ్చి, భోజనంలో కలపమన్నాడు.

ఆమె సీసా పట్టుకుని పైకి వచ్చింది. "ఎరుక లేకుంట పెట్టుడు తప్పు గాదా టీచరమ్మా?"

"జబ్బు తగ్గితే చాలు కదా, కలుపు," అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

నిజం చెప్పాలంటే మందు పనిచేసింది. రెండు నెలల్లో జగన్ గడ్డం గీసుకున్నాడు, ఫ్యాన్ బిగించాడు, కౌంటర్ దగ్గర నిలబడి కూరలు కూడా కట్టిచ్చాడు. వాడు పప్పు మారు అడిగితే చాలు, అరుణమ్మ పైకొచ్చి మరీ నాకు చెప్పేది. ఇద్దరం మురిసిపోయాం.

ఒక మధ్యాహ్నం వాడు వంటింట్లోకి వచ్చేసరికి ఆమె పళ్లెంలో చుక్కలు వేస్తోంది. "ఏం కలుపుతున్నవమ్మా?" అన్నాడు. ఆమె బెదిరిపోయి సీసా కొంగు కింద దాచింది. "ఏం కలపలే బిడ్డా, నీకట్ల అనిపిస్తున్నది," అంది.

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. వాడు కళ్లారా చూసినదాన్ని తల్లి వాడి జబ్బు కింద కట్టేసింది. ఆ రోజు నుంచి వాడు ఇంట్లో గ్లాసుడు నీళ్లు ముట్టలేదు. తొక్క ఉన్నవో, సీలు ఉన్నవో తానే కొనుక్కుని తినేవాడు. అరటిపళ్లు, బిస్కెట్లు, నీళ్ల సీసాలు, అంతే. మందు ఆగిపోయింది, పోలీసులు మళ్లీ వచ్చేశారు. వందమందికి వండిపెట్టే మనిషి, కొడుకు కళ్లముందే ఎండిపోతుంటే చూస్తూ గరిటె తిప్పేది.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. ఎవరో డాక్టర్ శేషారత్నం గారి పేరు చెబితే ఎల్బీనగర్ దాకా ఇద్దరం నడిచే వెళ్లాం. అంతా విని ఆవిడ ఒకటే అడిగారు. "అబ్బాయి అడిగినప్పుడు మీరేం చెప్పారు?"

అరుణమ్మ తలొంచుకుని చెప్పింది.

"అతని భయాల్లో అదొక్కటి నిజం. దాన్నే మీరు కాదన్నారు. ఇంటికెళ్లి ఒప్పుకోండి. నా దగ్గరికి రావాలో వద్దో అతన్నే తేల్చుకోనివ్వండి."

"ఒప్పుకుంటే మళ్ల నా మొకం చూస్తడా మేడం?"

"చూడకపోవచ్చు."

నాకు ఒళ్లు మండింది. దారిలో ఆలోచిస్తే, ఇన్నాళ్లలో మాకు ఉన్నదున్నట్టు చెప్పిన డాక్టరు ఆవిడొక్కరే అనిపించింది.

మర్నాడు పొద్దున అరుణమ్మ సీసా తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "నేనే కలిపిన బిడ్డా. రెండు నెలలు కలిపిన. నువ్వు జూసింది నిజమే." కలపమన్నది నేనేనని నేనూ చెప్పాను.

జగన్ సీసా చేతిలోకి తీసుకుని చూశాడు. "మరి పోలీసులు లేరని గూడ నువ్వే చెప్పినవ్. గా మాట గూడ అబద్ధమేనా?"

వెళ్లడం, మానడం నీ ఇష్టమంటూ అరుణమ్మ శేషారత్నం గారు ఇచ్చిన చీటీ వాడి ముందు పెట్టింది. వాడు దాని మీద అడ్రసు చదువుకుని లేచాడు. "నేనొక్కన్నే పోత. నా ఎంబడి ఎవ్వరు రావొద్దు."

ఆ రోజు రాస్తారోకో. ఎల్బీనగర్ దాకా రోడ్డు పొడవునా పోలీసులు, లాఠీలు పట్టుకున్న నిజం పోలీసులు. వాడు వాళ్లందరినీ దాటుకుని పోవాలి. అరుణమ్మ గేటు దాకా పరుగెత్తి ఆగిపోయింది. వెనకాలే వెళ్లి వాడి కంటపడితే, ఎవరో వెంబడిస్తున్నారన్న భయమూ నిజమైపోతుంది. ఊచలు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

రెండు గంటల తర్వాత ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టాను. "వచ్చాడు. కూర్చున్నాడు. మీరు మాత్రం రావద్దు," అన్నారు శేషారత్నం గారు.

"రాను మేడం. మీరిస్తే నీళ్లేమన్న తాగిండా?"

"తాగాడు. రెండు గ్లాసులు."

అరుణమ్మ మెట్టు మీద కూలబడి ఏడ్చింది.